వృత్తి ఆటగాడు మహమ్మద్ హబీబ్

కాకినాడకు ఉత్తరాన, సముద్రపు టంచున ఉన్న ఉప్పాడలో జందానీ మగ్గం ముందు తరచుగా ఇద్దరు నేతగాండ్రు ప్రక్కప్రక్కన కూర్చొని పనిచేస్తారు. పేక సాగుతూ ఉండగా బుటా దారమును వేలితో ఎక్కించి, ఒక్కొక్క పూవును చేతితోనే నిలుపుతారు. చీరను తిరగవేసి చూచినను పూవు చెడదు. ఈ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడ నూలు ఒకరిది, నమూనా ఒకరిది కాగా కూలికి నేసేవారు చాలామంది ఉన్నారు. ఈ ఏడు ఒక ఆసామికి నేసినవారు మరుసటి ఏడు వేరొక ఆసామికి నేయవచ్చును. అందుకు వారిని ఎవరూ నిందించరు. పూవు సరిగా పడినదా లేదా అన్నదొకటే విచారిస్తారు.

ఆటగాని విషయంలో మనం ఇంత న్యాయంగా ఉండము. నిన్న ఒక జట్టుకు ఆడినవాడు నేడు వేరొక జట్టులో కనబడితే, నిలకడ లేనివాడని అంటాము. ఈ నిందలో నిజమెంతో తెలుసుకొనుటకు మన హైదరాబాదు ఆటగాడు మహమ్మద్ హబీబ్ జీవితం చక్కని ఉదాహరణము.

పని నేర్చియు సొంత దుకాణం లేక కూలికి పనిచేసే చేతిపనివానిని ఇంగ్లండులో పూర్వం జర్నీమన్ అనేవారు. క్లబ్బు నుండి క్లబ్బుకు తిరిగే ఫుట్‌బాలు ఆటగానికి కూడా ఆ పేరే నిలిచినది. అయితే ఆ దేశంలో చాలాకాలం వరకు అట్లు తిరుగుట ఆటగాని ఇష్టము కాదు. 1961 వరకు వారానికి 20 పౌండ్లకు మించి జీతమీయరాదన్న నియమముండేది. ఒప్పందపు గడువు తీరినను క్లబ్బు అతనిని విడువకుండ పట్టి ఉంచవచ్చును. జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాడు న్యాయస్థానమునకు వెళ్ళిన మీదట, 1963లో ఆ కట్టుబాటు సడలినది.

కలకత్తా పద్ధతి వేరు. అక్కడ ఆటగాండ్రు పేరునకు ఔత్సాహికులే. కాని ప్రతి సంవత్సరము ఆటల ఋతువుకు ముందు ఏ క్లబ్బుకు ఆడేదీ సంతకం చేసి తెలుపవలసి ఉండేది. ఏడాది గడువగానే ఆటగాడు స్వతంత్రుడు. ఆ రోజులలో ఎదుటి క్లబ్బువారు ఎత్తుకొనిపోకుండ పేరున్న ఆటగాండ్రను రహస్యపు బసలలో దాచి ఉంచుట కూడా కద్దు.

ఆ క్లబ్బులు వట్టి ఆటల సంఘములు కావు. 1889లో పుట్టిన మోహన్ బగాన్ పశ్చిమ బెంగాలు వారిది. 1920లో వెలసిన ఈస్ట్ బెంగాలు తూర్పు సీమ నుండి వచ్చినవారిది. మహమ్మదన్ స్పోర్టింగును నగరంలోని ముస్లిములు తమదిగా భావిస్తారు. మన గోదావరివారు పులస అనే చేప అక్కడ ఇలిష. ఈస్ట్ బెంగాలు గెలిచిననాడు అభిమానుల ఇండ్లలో ఇలిష వండుతారు. మోహన్ బగాన్ గెలిచిననాడు రొయ్య. వంటింటి వరకు ప్రాకిన ఇట్టి పట్టుదలల మధ్యకు ఒక పరదేశి కుర్రవాడు ప్రవేశించినాడు.

హబీబ్ 1949 జూలై 17న హైదరాబాదులో జన్మించినారు. అది ఆ నగరపు ఫుట్‌బాలుకు మంచి కాలము. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారతదేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందినది.

1966లో హబీబ్ ఈస్ట్ బెంగాలుకు ఆడుటకు కలకత్తా వెళ్ళినారు. కొంతకాలమునకు మోహన్ బగానుకు మారి, 1970లో ఈస్ట్ బెంగాలుకు తిరిగివచ్చినారు. 1975లో మహమ్మదన్ స్పోర్టింగు, 1976 నుండి మళ్ళీ మోహన్ బగాన్, 1979లో మహమ్మదన్, 1980లో ఈస్ట్ బెంగాలు, 1982లో తిరిగి మోహన్ బగాన్. 1984లో ఆట చాలించినారు. ఈ మధ్యలో, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో జపానును 1-0తో ఓడించి కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడినారు. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే.

ఈ జాబితా చూచి తొందరపడి తీర్పు చెప్పరాదు. ఈస్ట్ బెంగాలు 1970 నుండి 1975 వరకు వరుసగా ఆరుమార్లు కలకత్తా లీగు గెలిచినది. వానిలో మొదటి ఐదింటి యందు హబీబ్ పాలున్నది. 1976లో ఆ వరుసను త్రెంచిన మోహన్ బగాన్ జట్టులోను ఆయనే ఉన్నారు. ఆ ఏటి లీగులో ఈ రెండు జట్లు తలపడిననాడు, ఆట మొదలైన 17 సెకన్లకే హబీబ్ తలతో అందించిన బంతిని ఆయన తమ్ముడు అక్బర్ గోలు చేసినాడు. పోటీ 1-0తో ముగిసినది. తాము కట్టిన గోడను తామే పడగొట్టవలసి వచ్చినప్పుడు కూడా హబీబ్ చేయి వెనుదీయలేదు.

ఆయన ఆటలో ఆడంబరం తక్కువ, శ్రమ ఎక్కువ. ముందు వరుస ఆటగాడయ్యును, పోయిన బంతి కొరకు వెనుకకు పరుగెత్తి, దానిని రాబట్టుకొని మరల ముందుకు సాగేవారు. కలకత్తా ప్రేక్షకులు ఆయనను బడే మియా అని పిలిచేవారు. 1977 సెప్టెంబరు 24న, పీలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2తో సమముగా నిలిచినప్పుడు, ఆ రెండు గోళ్ళలో ఒకటి హబీబ్‌ది. 1980లో అర్జున పురస్కారం లభించినది. ఆటే జీవనోపాధిగా ఎంచుకొన్నందున భారతదేశపు తొలి వృత్తి ఆటగాడని ఆయనను అనేవారున్నారు. తరువాతి కాలంలో టాటా ఫుట్‌బాలు అకాడమీలో కుర్రవాండ్రకు శిక్షణ ఇచ్చినారు.

అయితే దీనికి రెండవ ప్రక్క కూడా ఉన్నది. నేర్పరులు ఒక్కొక్కరే కలకత్తాకు తరలిపోగా హైదరాబాదు మైదానములు వెలవెలబోయినవి. ఆ నష్టము కాదనరానిది. కాని దానికి ఆటగానిని తప్పుపట్టుట తగదు. తాను నేర్చిన విద్యకు పని ఎక్కడ ఉన్నదో అక్కడికి ఆయన వెళ్ళినారు. నేర్చిన ఊరిలోనే వారికి పని కల్పింపలేకపోయిన లోపము మన అందరిదీ.

చివరి సంవత్సరములలో హబీబ్ మతిమరుపు వ్యాధితో బాధపడినారు. 2023 ఆగస్టు 15న హైదరాబాదులోనే కన్నుమూసినారు. ఇకమీదట ఎవరైనా జట్టు మారినాడని విన్నప్పుడు, ఎన్నిసార్లు మారినాడని లెక్కించుటకు ముందు, చేరిన ప్రతి చోట పని ఎట్లు చేసినాడని అడుగుదుము గాక. ఉప్పాడలో చీర తిరగవేసి చూచేవారు అడిగేది అదే.