కొలతలో నిజాయితీ

కంప్యూటర్ శిక్షణకు హైదరాబాదులోని అమీర్‌పేట పెట్టింది పేరు. మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ సంస్థల్లో ఎందరో తెలుగు యువతీయువకులు ప్రోగ్రామింగ్ నేర్చుకొని జీవితంలో స్థిరపడ్డారు. ఆ విద్య అభ్యసించేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: రెండు పద్ధతుల్లో ఏది వేగవంతమైనది?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం అనుకున్నంత సులభం కాదు. అమీర్‌పేట నుండి పంజాగుట్టకు వేకువజామున ఒక బస్సులోనూ, సాయంత్రం రద్దీ వేళ మరొక బస్సులోనూ ప్రయాణించి, మొదటి బస్సే వేగవంతమైనదని తేల్చితే అది సరైన నిర్ణయమవుతుందా? అక్కడ మనం కొలిచింది బస్సును కాదు, రహదారిని.

ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనమే కంపైలర్. ఒకసారి చేసిన పనిని మళ్లీ చేయనవసరం లేకుండా ఫలితాన్ని దాచి ఉంచే ఏర్పాటును క్యాష్ అంటారు. సి భాషా ప్రోగ్రాముల కోసం ఆండ్రూ ట్రిడ్జెల్ 2002లో రూపొందించిన సీక్యాష్ ఇటువంటిదే. మూలప్రతి, కంపైలర్, దానికిచ్చిన ఆదేశాలు మారనంతవరకు అది దాచిన ఫలితాన్నే అందిస్తుంది.

ఒక విద్యార్థి ఒకే ప్రోగ్రామును మొదట పాత పద్ధతిలో, వెంటనే కొత్త పద్ధతిలో నిర్మించాడనుకుందాం. రెండవసారి కంపైలర్ దాదాపుగా పనే చేయదు. అయినా కొత్త పద్ధతి ఎన్నో రెట్లు వేగవంతమైనదిగా కనిపిస్తుంది. వరుస తారుమారు చేస్తే తీర్పూ తారుమారవుతుంది. ఆ తప్పుడు కొలతను నమ్మితే మంచి పద్ధతి మూలన పడుతుంది; దానిని రూపొందించినవారి శ్రమ వృథా అవుతుంది.

దీనికి నివారణ ఉంది. కంపైలర్ అసలు వేగం తెలియాలంటే ప్రతి పరీక్షలోనూ క్యాష్‌ను నిలిపివేయాలి. నిత్యం జరిగే పనికి పట్టే సమయం తెలియాలంటే రెండు పద్ధతులకూ క్యాష్‌ను సమానంగా నింపి ఉంచాలి. ఆపరేటింగ్ సిస్టం కూడా ఫైళ్లను జ్ఞాపకంలో ఉంచుకుంటుంది కనుక, వరుస మారుస్తూ పలుమార్లు కొలవాలి. జావాలో హాట్‌స్పాట్ యంత్రం తరచుగా నడిచే భాగాలను నడుస్తుండగానే యంత్రభాషలోకి మారుస్తుంది. అందువల్ల అక్కడ తొలి ఆవృత్తాలను సన్నాహకంగా భావించి, వాటి సమయాలను లెక్కలో చేర్చరు.

క్యాష్ దోషం కాదు. మన కాలాన్ని ఆదా చేసే నేస్తం. అయితే ఫలితంతోపాటు అది ఏ పరిస్థితుల్లో లభించిందో కూడా చెప్పడం కొలిచేవారి ధర్మం. అలా చెప్పినప్పుడే ఇతరులు ఆ కొలతను తిరిగి సరిచూడగలరు.