మీకు తెలుసా? పోటు వస్తే మునిగిపోయే ఇసుక దారి

ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ దగ్గర రాస్, స్మిత్ అనే రెండు చిన్న దీవులను ఒక తెల్లని ఇసుక తిన్నె కలుపుతుంది. ఆటు సమయంలో దాని మీద నడిచి ఒక దీవి నుంచి మరో దీవికి వెళ్లవచ్చు; పోటు వస్తే తిన్నె నీట మునుగుతుంది. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయ పురం) పక్కన 2018లో నేతాజీ పేరు పెట్టిన రాస్ దీవి వేరు, ఇది వేరు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఈ జంట దీవులకు చేరడం తేలిక కాదు. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో దాదాపు మూడు రోజులు. అక్కడి నుంచి దిగ్లీపూర్‌కు రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. దారిలో జారవా తెగ రక్షిత అడవి వస్తుంది. అందులో వాహనాలు నిర్ణీత వేళల్లో వరుసగా కలిసే వెళ్లాలి. మధ్యలో ఆగడం, ఫొటోలు తీయడం నిషేధం. చివరి మజిలీ ఏరియల్ బే నుంచి పడవలో. ఇన్ని తిప్పలకూ తగిన చోటే.

దిగ్లీపూర్ సమీపంలోనే మరో విశేషం: కాలీపూర్ తీరానికి నాలుగు జాతుల సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.