పంచాయతీ గ్రాంటు - పేదవాని ఇల్లు

స్థానిక సంస్థల నిధుల విషయములో ‘మళ్ళింపు’ అన్న మాట చెవిన పడగానే ఏదో అక్రమము జరిగినదని అనుకొనుట మనకు అలవాటు. అక్రమమైన మళ్ళింపులు లేకపోలేదు. అయితే ఒక పద్దులో ఉన్న డబ్బును నిబంధనలకు లోబడి, సభలో తీర్మానించి, మరొక పద్దుకు మార్చుట తప్పు కాదు. ఒక్కొక్కప్పుడు అది అవసరము కూడ. పెళ్ళికని దాచిన సొమ్మును వానలకు కూలిన పైకప్పుకు ఖర్చు పెట్టని గృహస్థు ఉండడు. కాని ఆ ఖర్చు ఇంటిల్లిపాదికీ తెలిసి జరుగుతుంది. పెళ్ళి ఎప్పటికి వాయిదా పడినదో కూడ అందరికీ తెలుస్తుంది. పంచాయతీ పద్దులకూ ఇదే న్యాయము. ఊరికి వచ్చిన గ్రాంటులో కొంత భాగమును పేదల ఇళ్ళకు మార్చదలచినప్పుడు ఏమేమి చూడవలసి ఉన్నదో ఈ ప్రసంగములో వివరించదలచినాము.

గ్రామ పంచాయతీకి, పురపాలక సంఘానికి తమవైన రాబడులు కొన్ని ఉన్నవి. ఇంటిపన్ను, నీటి రుసుము, సంత వేలము వంటివి ఇందులో చేరుతవి. వీటితో మాత్రమే ఊరి అవసరములు తీరవు. కావున రాష్ట్ర ప్రభుత్వము నుండి, కేంద్ర ఆర్థిక సంఘపు సిఫారసుల మీద కేంద్రము నుండి, గ్రాంటులు వస్తవి. గ్రాంటులన్నీ ఒక తీరువి కావు. కొన్ని ఫలానా పనికే అని కట్టుబాటుతో వచ్చునవి. కొన్ని స్థానికుల విచక్షణకు విడిచిపెట్టినవి. ఉదాహరణకు 2021-22 మొదలు 2025-26 వరకు గల అయిదేండ్లకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామీణ సంస్థలకు సూచించిన గ్రాంటులో నూటికి 60 వంతులు కట్టుబాటు గలవి. అందులో సగము తాగునీటికి, సగము పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 వంతులను జీతములకు, కార్యాలయపు ఖర్చులకు తప్ప స్థానికావసరములకు వాడుకొనవచ్చును. అనగా నీటికని వచ్చిన రూపాయితో ఎవరి ఇంటి గోడనూ కట్టుటకు వీలు లేదు. ఏ రూపాయి కదలగలదు, ఏ రూపాయి కదలరాదు అన్నది మొదట తేల్చుకొనవలసిన సంగతి.

కదలగల రూపాయిని ఇళ్ళవైపు పెద్దయెత్తున కదిపిన అనుభవము మన దేశములో కేరళ రాష్ట్రానికి ఉన్నది. అక్కడ ఈ ఆలోచన కొత్తది కాదు. 1972లో అచ్యుత మేనోన్ ముఖ్యమంత్రిగా, ఎం. ఎన్. గోవిందన్ నాయర్ గృహనిర్మాణ మంత్రిగా ఉన్న కాలములో ‘లక్ష ఇళ్ళ పథకము’ ఆరంభమైనది. పంచాయతీకి నూరు ఇళ్ళ చొప్పున భూమిలేని కూలీలకు కట్టించవలెనన్నది సంకల్పము. ఖర్చు తగ్గించుటకు చాలచోట్ల రెండిళ్ళకు నడుమ ఒకే గోడ పెట్టి జంట ఇళ్ళుగా కట్టినారు. ఎందరికో తల దాచుకొనుటకు చోటు దొరికినది. కాని తరువాతి తరములో ఒకరు తమ సగమును పడగొట్టి కొత్తగా కట్టుకొనదలచినప్పుడు రెండవవారి గోడ కూడ పోయే చిక్కు వచ్చినది. ఆనాడు ఆదా చేసినది తరువాతివారికి భారమైనది. ఈ సంగతి ముందు చెప్పబోవు విషయానికీ వర్తిస్తుంది.

73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోనికి వచ్చినవి. 1994లో కేరళ కొత్త పంచాయతీరాజ్ చట్టమును చేసుకొన్నది. 1996 ఆగస్టులో ఆరంభమైన ప్రజాప్రణాళికా ఉద్యమముతో రాష్ట్ర ప్రణాళికా వ్యయములో నూటికి 35 మొదలు 40 వంతుల వరకు స్థానిక సంస్థలకు అప్పగించుటకు నిశ్చయించినారు. ఏ పనికి ఎంత అన్నది గ్రామసభలలో చర్చకు వచ్చినది. చర్చకు వచ్చిన చోటనెల్ల ఇల్లు లేనివారి గొంతు వినబడినది. వ్యవసాయము, రోడ్లు, బడులతో పాటు గృహనిర్మాణము పంచాయతీ పద్దులలో పెద్ద పద్దుగా నిలిచినది.

అయితే డబ్బు చిన్నచిన్న మొత్తములుగా, వేర్వేరు శాఖల నుండి, వేర్వేరు పథకముల పేర వచ్చినది. ఇచ్చిన మొత్తము పునాదికో, కిటికీల ఎత్తు వరకో సరిపోయేది. పైకప్పు దగ్గర చేతిలో డబ్బు అయిపోయేది. పై కప్పు లేని గోడలు వానకు తడిసి నాచు పట్టేవి. 2016లో కేరళ ప్రభుత్వము ‘లైఫ్’ అన్న పేరుతో సమగ్ర గృహపథకమును ఆరంభించి, మొదటి దశలో ఇట్టి అసంపూర్ణపు ఇళ్ళను లెక్కించగా 50 వేలకు పైగా తేలినవి. కొత్తవి మొదలు పెట్టక ముందు వీటిని పూర్తి చేయుటకే పూనుకొన్నారు. ఇది మెచ్చదగిన క్రమము. సగము ఇల్లు నివాసానికి పనికిరాదు. దానిమీద వెచ్చించిన డబ్బు ఇంకొకరికి కూడ పనికిరాకుండ పోతుంది.

రెండవ దశ సొంత స్థలముండి ఇల్లు లేనివారికి. ఇంటికి 4 లక్షల రూపాయలు నిర్ణయించినారు. అడవి ప్రాంతపు గిరిజన గూడెములలో, సామగ్రి మోయుట కష్టము గనుక, 6 లక్షలు. ఈ 4 లక్షలు ఎక్కడనుండి వచ్చినవి? పట్టణములలో ప్రధానమంత్రి ఆవాస యోజన కింద కేంద్రపు వాటా లక్షన్నర. పల్లెలలో కేంద్రపు వాటా 72 వేలు. కేంద్రపు వాటా పోగా పట్టణపు ఇంటికి రెండున్నర లక్షలు, పల్లెలోని ఇంటికి 3 లక్షల 28 వేలు మిగులుతవి. కేంద్ర పథకములో పేరు లేని పేదవానికి మొత్తమంతయు రాష్ట్రమూ స్థానిక సంస్థలూ చూడవలసినదే. అందువలన ప్రతి స్థానిక సంస్థయు తన ప్రణాళికా నిధిలో అయిదవ వంతు ఇళ్ళకు వేరుగా ఉంచవలెనని ఏర్పాటు చేసినారు. అది చాలని చోట రాష్ట్ర సంస్థ ద్వారా హడ్కో ఋణము. వడ్డీ రాష్ట్రము భరిస్తుంది. అసలు స్థానిక సంస్థలకు రాబోవు గ్రాంటుల నుండి కోసుకొంటారు. 2008 ప్రాంతములో ఇ. ఎం. ఎస్. పేర నడచిన గృహపథకములో సహకార బ్యాంకుల ఋణముల విషయమున కూడ ఇదే పద్ధతి.

ఈ లెక్క తెలియుటకు ఒక పంచాయతీని ఊహించుకొందము. ఏటా కోటి రూపాయల గ్రాంటు వస్తున్నదనుకొందము. అయిదవ వంతు 20 లక్షలు. ఇంటికి 4 లక్షల చొప్పున ఏటికి అయిదు ఇళ్ళు. జాబితాలో అరవై కుటుంబములు ఉన్నచో చివరివానికి ఇల్లు వచ్చునది పన్నెండవ ఏట. ఆనాటికి సిమెంటు, ఇనుము, కూలి ధరలు 4 లక్షలను మింగివేస్తవి. ఋణము తెచ్చినచో అరవై ఇళ్ళనూ ఒకేసారి కట్టవచ్చును. 2 కోట్ల 40 లక్షల అసలును పదునైదేండ్లలో తీర్చవలెనన్నచో ఏటికి 16 లక్షలు. వర్షములో తడియు బిడ్డల తల్లికి ఈ లెక్కలో ఏది మంచిదో వేరుగా చెప్పనక్కరలేదు.

కాని ఆ పదునైదేండ్లలో పంచాయతీకి మూడు పాలకవర్గములు మారుతవి. రెండవ, మూడవ పాలకవర్గములు తాము చేయని తీర్మానపు అప్పును తీర్చుతూ ఉంటవి. ఏటికి 16 లక్షల మేరకు వాగుమీది చిన్న వంతెనయో, అంగన్‌వాడీ పైకప్పో, పంటకాలువ మరమ్మతో ఆగిపోతుంది. కట్టిన ఇల్లు కంటికి కనబడుతుంది. కట్టని వంతెన కనబడదు. కావున పద్దు మార్పులో రెండు కొసలు ఉన్నవని మరువరాదు. డబ్బు చేరిన కొసను మాత్రమే చూపి, విడిచిన కొసను చూపని తీర్మానము సగము తీర్మానమే.

2020 ఫిబ్రవరి 29న లైఫ్ పథకములో 2 లక్షలకు పైగా ఇళ్ళు పూర్తి అయినట్లు కేరళ ప్రభుత్వము ప్రకటించినది. అయినను స్థలమే లేనివారి సమస్య అంత సులభముగ తీరలేదు. 2021 చివర అక్కడ ‘మనస్సోడిత్తిరి మణ్ణు’ అన్న పిలుపు ఇచ్చినారు. మనసారా కాస్త మన్ను అని దాని భావము. స్థలమున్నవారు కొంత పేదల ఇళ్ళకు దానమీయవలెనని కోరినారు. గోడలకు గ్రాంటు దొరికినను నేలకు దొరకని స్థితికి ఆ పిలుపే సాక్ష్యము.

మన తెలుగు రాష్ట్రములలో దారి వేరు. ఇక్కడ పేదల ఇళ్ళ డబ్బు ఎక్కువగా రాష్ట్ర స్థాయినుండే వచ్చినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979 నుండి ఉన్నది. తెలంగాణలో 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇళ్ళకు 5 లక్షల రూపాయలను పని దశలను బట్టి ఇచ్చుటకు నిర్ణయించినారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25 మొదలుకొని దాదాపు 30 లక్షల మంది మహిళలకు ఇంటి స్థలముల పట్టాలు పంచు కార్యక్రమము జరిగినది. స్థలమున్నది, ఇంటికి డబ్బు పైనుండి వస్తుంది. మరి పంచాయతీకి పని ఏమి? ఎంతో ఉన్నది. ఊరికి దూరముగా వెలసిన కాలనీలో బోరు లేనిదే, మురుగు కాలువ లేనిదే, గోడలు లేచినను కాపురము లేవదు. కట్టుబాటుతో వచ్చిన నీటి గ్రాంటు, పారిశుద్ధ్యపు గ్రాంటు గోడలకు పనికిరాకపోయినను కొత్త కాలనీ గుమ్మము దాక నీటిని తేగలవు, మురుగును తీసికొనిపోగలవు. ఇందుకు పద్దు మార్చనక్కరలేదు. పని జాబితాలో వరుస మార్చిన చాలును.

గ్రామసభ ఈ విషయములను తేల్చు చోటు. అక్కడికి పోయినవారు కొన్ని ప్రశ్నలు అడుగవలెను. ఈ డబ్బు ఏ పద్దునుండి వస్తున్నది, ఆ పద్దులో ఏ పని ఆగుతున్నది? ఇచ్చు మొత్తము పైకప్పు వరకు సరిపోవునా? అప్పు చేసినచో ఎన్నేండ్లు, ఏటికి ఎంత? జాబితాలో ముందు పేరెవరిది, ఎందువలన? ఇంటితోపాటు నీరూ దారీ ఎప్పుడు? ఈ ప్రశ్నలకు బదులు మినిట్సు పుస్తకములో వ్రాయించినచో రేపటి పాలకవర్గము కూడ దానికి కట్టుబడుతుంది.

ఇల్లు ఇచ్చుట ఉపకారముగా కనబడినంత కాలము పేదవాడు చేతులు కట్టుకొని నిలుచుంటాడు. అది ఊరివారందరి సొమ్ము నుండి, ఊరివారందరి ఎదుట, మరొక పనిని ఆపుకొని చేసిన నిర్ణయమని తెలిసిననాడు ఆ ఇంటి తాళపుచెవి అందుకొనువానికి బిడియము ఉండదు. వంతెనకై ఇంకొక ఏడు ఆగువానికి మనసులో కసి ఉండదు.