ఓరుగల్లు పేరు తీసేసి వరంగల్ అని పెట్టారా? అసలు కథ ఇదీ!

ఈరోజు ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతా.

కొన్నాళ్ల కింద వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "మన ఓరుగల్లు పేరు చెరిపేసి వరంగల్ అని పెట్టారు, తెలుగువాడివైతే షేర్ చెయ్" అని. నేను ఆలోచించకుండా ఫార్వర్డ్ కొట్టేశా. బీటెక్‌లో నా రూమ్మేట్‌ది వరంగలే. ఫోన్ చేసి ఒకటే అడిగాడు: "ఎవరు మార్చార్రా? ఏ సంవత్సరంలో?" నా దగ్గర ఆన్సర్ లేదు. అప్పుడు చదవడం మొదలుపెట్టా.

ముందు పాత పేరు చూద్దాం. ఓరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి. ఓరుగల్లు అంటే ఒంటిరాయి. వరంగల్ కోటకి వెళ్తే ఆ పెద్ద బండగుట్ట ఇప్పటికీ కనిపిస్తుంది. అదే మాటని సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. కాకతీయుల రాజధాని మొదట హనుమకొండ. గణపతిదేవుడి కాలంలో ఓరుగల్లుకి మారింది. ఆయన మొదలుపెట్టిన రాతికోటని కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది.

ఇప్పుడు ట్విస్ట్. ఈ ఊరి పేరుని నిజంగానే ఒకసారి మార్చారు. కానీ వరంగల్ అని కాదు!

1323లో ఢిల్లీ సైన్యం ప్రతాపరుద్రుడిని ఓడించి కోటని పట్టుకుంది. సైన్యాన్ని నడిపిన ఉలుగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాన్ అయ్యాడు. అప్పుడు ఊరికి పెట్టిన పేరు సుల్తాన్‌పూర్. 1330ల్లో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లుని మళ్లీ గెలుచుకున్నాడు. సుల్తాన్‌పూర్ అనే పేరు జనం నోట నిలవలేదు.

మరి వరంగల్ ఎక్కడిది? 1323కి ముందే, ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాసిన ఖజాయిన్ ఉల్ ఫుతూహ్‌లో ఈ ఊరు 'అరంగల్' అని కనిపిస్తుంది. ఫార్సీ లిపిలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు. ఒక సిస్టమ్‌లో టైప్ చేసిన తెలుగు ఇంకో సిస్టమ్‌లో ఓపెన్ చేస్తే అక్షరాలు అటూ ఇటూ అవుతాయి చూడండి, అలాంటిదే. పైగా మనం ఓరుగల్లు అంటున్నప్పుడే ముందు చిన్నగా 'వ' వినిపిస్తుంది. ఒకసారి గట్టిగా అని చూడండి!

అంటే వరంగల్ వేరే పేరు కాదు ఫ్రెండ్స్. ఓరుగల్లే, వేరేవాళ్ల నోట్లో, వేరే లిపిలో తిరిగి వచ్చింది. రాజు ఆర్డర్ వేసి పెట్టిన పేరు పోయింది. జనం నోట నలిగిన పేరు 700 ఏళ్లు బతికింది.

ఆ మెసేజ్ పంపిన గ్రూప్‌లోనే "నేను పంపింది తప్పు" అని రాశా. ఇద్దరే చూశారు, పర్లేదు. మీకు అలాంటి ఫార్వర్డ్ వస్తే మా వాడి ప్రశ్న గుర్తుపెట్టుకోండి: ఎవరు మార్చారు, ఎప్పుడు?

మీ ఊరి పాత పేరేంటో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!