దేహంలోని శక్త్యాగారాలు

పొయ్యిలో కట్టెలు కాలితే వేడి పుడుతుంది. ఆ వేడికి అన్నం ఉడుకుతుంది. ఆ అన్నం తిని మనం నడుస్తాం, చదువుతాం, ఆడుకుంటాం. మరి తిన్న ఆహారంలోని శక్తి మనకు ఎక్కడ అందుతుంది? కడుపులో అని చాలామంది అనుకుంటారు. కడుపులోను, పేగులలోను జరిగేది జీర్ణక్రియ. శక్తి వెలువడేది ముఖ్యంగా జీవకణాలలో ఉండే మైటోకాండ్రియాలలో. అందుకే వీటిని కణ శక్త్యాగారాలు అంటారు.

ఈ సూక్ష్మాంగాలకు 1898లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ బెండా మైటోకాండ్రియా అనే పేరు పెట్టాడు. క్షణం విశ్రమించని గుండె కండరంలో ఇవి ఒక్కొక్క కణానికి వేల సంఖ్యలో ఉంటాయి. ఆహారసారాన్ని ప్రాణవాయువుతో కలిపి ఇవి ఎ.టి.పి. అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. కండరం కదలాలన్నా, మెదడు ఆలోచించాలన్నా ఎ.టి.పి. కావాలి.

ఈ ఎ.టి.పి.ని లోకానికి తెలిపినవారిలో ఒకరు తెలుగువారు కావడం మనకు గర్వకారణం. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాలలో ఎ.టి.పి.ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దీనిని కనుగొన్నాడు.

శక్త్యాగారాలు చక్కగా పనిచేయాలంటే మొదట కావలసింది సరైన ఆహారం. బళ్లారి సీమలో జొన్నరొట్టె మన తాతముత్తాతల నాటి తిండి. అయితే ఒకప్పుడు దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మరొకటి దొరకని పేదలకు పెల్లాగ్రా అనే వ్యాధి వచ్చేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి గరుకెక్కేది. విరేచనాలు పట్టేవి, మతి చెదిరేది. శక్తి తయారీకి తప్పనిసరి అయిన నయాసిన్ అనే బి విటమిన్ చాలకపోవడమే దీనికి మూలం. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దీనిపై పరిశోధించి, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ ఇందుకు కారణం కావచ్చునని 1960లో ప్రకటించారు.

దీనివల్ల జొన్న చెడ్డదని అనుకోరాదు. ఒక్క జొన్ననే నమ్ముకోవడం కీడు. రొట్టెతోపాటు వేరుసెనగ పొడి, పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉంటే ఆ లోపం తీరుతుంది. వేరుసెనగలో నయాసిన్ సమృద్ధిగా ఉంది. తుంగభద్ర కాలువలు పారే సిరుగుప్ప ప్రాంతంలో వరి బాగా పండుతుంది. బియ్యాన్ని మరీ తెల్లగా పాలిష్ పట్టిస్తే బి విటమిన్లు తవుడుతో పోతాయి. ఇనుము తగ్గినా శక్త్యాగారాలు కుంటుపడతాయి. రక్తహీనత గల పిల్లలు త్వరగా అలసిపోవడం సోమరితనం కాదు. వారికి చీవాట్లు కాదు, వైద్యం కావాలి.

రెండవది వ్యాయామం. 1967లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ హాలోజీ ఎలుకలను రోజూ పరుగెత్తించి పరీక్షించాడు. కొన్ని వారాలకు వాటి కండరాలలోని మైటోకాండ్రియాల సామర్థ్యం దాదాపు రెట్టింపయింది. మనుషులలోనూ వ్యాయామం వల్ల ఇవి వృద్ధి చెందుతాయి. బడికి నడచి వెళ్లడం, సైకిలు తొక్కడం, కబడ్డీ ఆడడం ఇందుకు చాలు. మన ఊళ్ల ఎండ తీవ్రమైనది కనుక వేసవిలో ఉదయం, సాయంత్రం వేళల్లో ఆడుకోవాలి.

మూడవది నిద్ర. రాత్రి పొద్దుపోయేదాకా టీవీ, సెల్‌ఫోను చూస్తూ మేలుకొనరాదు. బీడీ, సిగరెట్టు పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తంలో ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. ప్రాణవాయువు అందనిదే శక్త్యాగారం నడవదు.

ఆరోగ్యవంతులకు శక్తినిస్తామని అమ్మే ఖరీదైన పొడులు, టానిక్కులు అవసరం లేదు. ఇంటి రొట్టె, పెరటి ఆకుకూర, ఊరి మైదానం, కంటినిండా నిద్ర మన శక్త్యాగారాలను కాపాడతాయి.

ప్రశ్నలు

1. మైటోకాండ్రియాలను కణ శక్త్యాగారాలు అని ఎందుకు అంటారు?
2. పెల్లాగ్రా ఎవరికి వచ్చేది? ఎందుకు?
3. మీ ఇంట్లో జొన్నరొట్టెతో ఏమేమి తింటారో రాయండి.