పాత బోధ – కొత్త శ్రోత

పెర్సపేన్ కొలుపు జరుగు దినమున ఆదిలాబాదు ప్రాంతపు గోండు గూడెములలో ప్రధాను కీక్రిని చేతబట్టి పహండి కుపార్ లింగాల్ కథను ఎత్తుకొనును. ప్రధానులనగా గోండులకు వంశపారంపర్యముగ కథ చెప్పువారు. గుహలో చెరబడిన గోండు దేవతలను లింగాల్ విడిపించుటయు, వారిని నాలుగు శాఖలుగ ఏర్పరచి కొలుపులను, వియ్యములను నియమించుటయు ఆ కథలోని ముఖ్యాంశములు. నలుగురు దేవతలవారమనియో, ఏడుగురు దేవతలవారమనియో గోండులు నేటికిని తమ్ము చెప్పుకొనుట దీనిని బట్టియే. ఒకే శాఖలోని వారు అన్నదమ్ములు. వారిలో వారికి పెండ్లి పొసగదు. కనుక ఈ కథ వినువారికి కాలక్షేపము కాదు, వారి ధర్మశాస్త్రమే.

విచిత్రమేమనగా, పెక్కుమంది ప్రధానుల ఇంటి మాట మరాఠీ. కథ మాత్రము గోండిలో నడచును. ఇంటి భాష వేరైనను పొరుగువారి ధర్మమును కాపాడు బాధ్యత వారిపై నున్నది. కథ తన సొంతమని ప్రధాను ఎన్నడును చెప్పుకొనడు. అయినను చెప్పిన ప్రతిసారియు దానిలో అతని గొంతు కొంత కలియకపోదు. కరీంనగరు శ్రోతలకు ఒగ్గు కథ తెలిసినదే గదా! మల్లన్న కథ నడుమ ఒగ్గు కథకుడు నిన్నటి ఊరి ముచ్చటతో నవ్వించును. పట్నము వేయు విధిని మాత్రము విడువడు. మార్చదగిన దేదో, మార్చరాని దేదో అతనికి ఎవరును చెప్పనక్కరలేదు.

చిక్కు వచ్చునది ఆ కథను ఆ సమాజమునకు వెలుపలివారికి చెప్పవలసి వచ్చినప్పుడు. ఈ విషయమై ఐరోపా యూదులలో పెద్ద వాదమే జరిగినది. పద్దెనిమిదవ శతాబ్దిలో ఉక్రెయిన్ ప్రాంతమున బాల్ షెమ్ తోవ్ అను గురువు చుట్టును హసీదీ మార్గము ఏర్పడెను. ఆయన 1760లో మరణించెను. దైవమును ఆనందముతో కొలువవలెననియు, నిత్యకృత్యములందును దైవసాన్నిధ్యము కలదనియు ఆ గురువులు బోధించిరి. వారి సంప్రదాయమున ధర్మోపన్యాసములతో పాటు కథలును కలవు. బ్రాస్లావ్ రబ్బీ నాహ్మాన్ (1772–1810) చెప్పిన కథలను శిష్యుడు నాథన్ వ్రాసి యుంచగా, అవి 1815లో హీబ్రూ, యిద్దిష్ భాషలలో అచ్చైనవి.

తరువాత మార్టిన్ బూబర్ వచ్చెను. ఆయన నాహ్మాన్ కథలను 1906లోను, బాల్ షెమ్ గాథలను 1908లోను జర్మను భాషలో తిరిగి చెప్పెను. తూర్పు దేశపు తమ బంధువులను మొరటువారని చిన్నచూపు చూచుచుండిన నగరవాసులైన యూదులెందరో ఆ పుస్తకములను ఆశ్చర్యముతో చదివిరి. ఈ మేలును తక్కువగ ఎంచరాదు. తొలి పుస్తకములలో అతి స్వేచ్ఛ తీసికొంటినని బూబరే పిమ్మట అంగీకరించి, తరువాతి సంపుటములలో కథలను పొట్టిగ, అలంకారము లేకుండ చెప్పెను. అయినను 1961లో గెర్షోమ్ షోలెమ్ అను పండితుడు గట్టిగ ఆక్షేపించెను: హసీదీల సిద్ధాంతము వారి ఉపన్యాసములలోను వ్యాఖ్యానములలోను ఉండగా, బూబర్ వానిని ప్రక్కకు నెట్టి, గాథలలో తన తత్త్వమునే చదివెనని. తాను చేసినది చరిత్ర రచన కాదనియు, ఆ జీవనములోని శక్తిని తన కాలమువారికి అందించుటయే తన పనియనియు బూబర్ సమాధానము.

మేము షోలెమ్ పక్షమునకే మొగ్గుదుము. బూబర్ మాట మార్చినందుకు కాదు. మాట మార్చనిదే కథ పొలిమేర దాటదు. హసీదీకి కథతో పాటు ఆచారనియమము కలదు. కొత్త పాఠకునకు కథ మాత్రమే అందినది.

మన ప్రధానుల పాటకు అంతకు మునుపే ఇట్టి యాత్ర ఒకటి తటస్థించినది. నాగపూరులో నుండిన స్టీఫెన్ హిస్లాప్ అను మిషనరీ సేకరించిన లింగో పాట, ఆయన మరణానంతరము 1866లో రిచర్డు టెంపుల్ సంపాదకత్వమున అచ్చైనది. 1871లో కాప్టెన్ ఫోర్సైత్ దానిని లాంగ్‌ఫెలో రచించిన ‘హయవాథా’ నడకలో ఆంగ్ల పద్యములుగ వ్రాసెను. ఆ నడకనేమో లాంగ్‌ఫెలో ఫిన్లండువారి ‘కలెవల’ నుండి తెచ్చుకొనెను. లింగో స్వామికి అమెరికా అంగీ తొడిగి ఫిన్లండు చెప్పులు వేసినట్లైనది!

బూబర్ పుట్టిన వియన్నాలోనే పుట్టిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ వేరు త్రోవ త్రొక్కెను. 1940లో కొమురం భీము తిరుగుబాటు అణచివేయబడిన పిదప ఆయన ఆదిలాబాదునకు వచ్చి మార్లవాయిలో నివసించెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలై, గోండి వాచకములు దేవనాగరి లిపిలో వెలువడినవి. 1948లో ప్రకటించిన గ్రంథమున ఆయన లింగాల్ కథను కొలుపులతోను, శాఖల వివరములతోను కలిపియే యిచ్చెను. చదువుటకు అది ఫోర్సైత్ పద్యమంత సుఖముగ నుండదు. కాని కథకు ఆధారమైన జీవనము అందులో కనబడును. గుంజాల గ్రామమున దొరకిన గోండి లిపి వ్రాతప్రతులవలన ఇంకొక మార్గమును తెరువబడినది. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానము లభించినందున, గోండులు తమ కథను తమ అక్షరములలోనే అచ్చొత్తుకొనవచ్చును.

ఇక మా వృత్తి మాట. కొలుపునాడు ప్రధాను తప్పు చెప్పినచో అడ్డు చెప్పుటకు కటోడా, కులపెద్దలు ఎదుటనే యుందురు. మైకు ముందు మాకెవ్వరును అడ్డు చెప్పరు. గంటల తరబడి సాగు కథను పావుగంటకు కుదించునప్పుడు, గుహ తలుపు తెరచుట, దేవతలు వెలువడుట వంటి ఘట్టములను నిలుపుకొని, శాఖల పేర్లు, ఇంటిపేర్లు వరుసగ వచ్చు భాగముమీదనే మొదట కత్తెర వేయుదుము. విసుగు పుట్టించునని మా భయము. గోండు గృహస్థుడు చెవి యొగ్గునది తన ఇంటిపేరు వచ్చు ఆ చోటనే. దానిని తీసివేసినను కథ చక్కగనే వినబడును. అది విని తన పిల్లను ఏ ఇంటికి ఈయరాదో మాత్రము ఎవరును తెలిసికొనజాలరు.