విమానం సంగతి నేలమీద

మనిషికి రెక్కలు వచ్చాయని లోకమంతా సంబరపడుతున్నది గాని, విమానం తాలూకు గొడవలన్నీ జరిగేది నేలమీదనే. ఆకాశంలోకి వెళ్ళాక ఏముంది? నడుముకు పట్టీ బిగించుకుని కూర్చుంటాం. కిటికీలోంచి మబ్బులు చూస్తాం. ఆ మబ్బులు విసుగు పుట్టించేలోపల దిగమంటారు. అసలు కథంతా ఎక్కక ముందూ, దిగిన తరువాతానూ!

మన తెలుగువారి రాజకీయమే చూడండి. 1982 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అంజయ్యగారు రాజీవ్ గాంధీగారికి స్వాగతం చెప్పడానికి పూలదండలతో, బోలెడు జనంతో బేగంపేట విమానాశ్రయానికి వెళ్ళారు. రాజీవ్‌గారు అప్పటికి అమేథీ పార్లమెంటు సభ్యులు, ప్రధానమంత్రి కుమారులు. ఆ ఆర్భాటం ఆయనకు నచ్చలేదు. నలుగురి ఎదుటా ముఖ్యమంత్రిని కసిరారు. ఆ నెల తిరక్కుండానే అంజయ్యగారి పదవి ఊడింది. మార్చి 29న రామారావుగారు తెలుగుదేశం పెట్టారు; తెలుగువారి ఆత్మగౌరవం అన్నారు; 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. దండలు ఎక్కువ కావడం ఒక తప్పయితే, వచ్చిన అతిథి ఇంటివాణ్ణి కసరడం అంతకంటె పెద్ద తప్పని నా అభిప్రాయం. ఏమైనా విమానం పైన ఉన్నంతసేపూ అందరూ క్షేమమే. చక్రాలు నేలను తాకాకనే చిక్కంతా వచ్చింది.

తరువాత కాలం మారింది. హవాయి చెప్పులవాడు కూడా విమానం ఎక్కాలన్నారు ప్రధాని మోదీగారు. ఆ మాటతోనే ఉడాన్ పథకం వచ్చింది; గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలన్నారు. 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఢిల్లీకి మొదటి విమానం ఎగిరిన రోజునే మన కడప, హైదరాబాదుల మధ్య సర్వీసు కూడా ప్రారంభమైంది. అప్పటి విమానయాన మంత్రి విజయనగరం అశోక్ గజపతిరాజుగారు. 2024 జూన్‌లో ఆ శాఖ మళ్ళీ మా ఉత్తరాంధ్రకే, శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడుగారికి వచ్చింది. మావాళ్ళ చేతిలోనే రెక్కలున్నాయని మేము కాస్త గర్వపడితే తప్పులేదు గదా!

కాని రెక్కలకూ అలసట ఉంటుంది. పైలట్లకు విశ్రాంతి పెంచే నిబంధనలు 2025 నవంబరు నుంచి పూర్తిగా అమలుకు వచ్చాయి. వాటికి తగినట్టు సిద్ధపడని ఇండిగో సంస్థ డిసెంబరు మొదటివారంలో వేలకొద్దీ సర్వీసులు రద్దు చేసింది. దేశం లోపల విమానమెక్కేవారిలో నూటికి అరవైమందికి పైగా ఆ ఒక్క సంస్థ మీదే ఆధారపడి ఉన్నారాయె! మిగతావారు టిక్కెట్టు ధర ఆకాశానికి ఎక్కించారు. చివరకు ప్రభుత్వం కలుగజేసుకుని, అయిదువందల కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు మించరాదని కట్టడి చేసింది.

అప్పుడు కొందరు పెద్దమనుషులు పైలట్లకు అంత విశ్రాంతి ఎందుకని విసుక్కున్నారు. హైవేమీద లారీ డ్రైవరు కునికితే ఏమవుతుందో మా అనకాపల్లిలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఆకాశంలో కునికితే పక్కకు ఆపుకోవడానికి ధాబా ఉండదు. ఇక ఒకే సంస్థ సంగతా? దానికి మా బెల్లం మార్కెట్టే జవాబు. కొనే షావుకారు ఒక్కడే అయితే దిమ్మ ధర అతను చెప్పిందే. రైతు తల ఊపవలసిందే. టిక్కెట్టు కొనేవాడి గతీ అంతే.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వద్దాం. ఇన్నాళ్ళూ మాకు అందుబాటులో ఉన్నది విశాఖ విమానాశ్రయం. అది నౌకాదళంవారి స్థలంలో ఉన్నది. మావైపునే గనుక గాజువాక దాటితే వచ్చేసినట్టే. రాకపోకలు భోగాపురానికి మార్చాలని నిర్ణయించారు. అక్కడ 2019లో ఒక ముఖ్యమంత్రిగారు, 2023లో మరొక ముఖ్యమంత్రిగారు శంకుస్థాపన చేశారు. ఒకే ఇంటికి రెండు శంకుస్థాపనలు మన రాజకీయాల్లోనే సాధ్యం! అల్లూరి సీతారామరాజు పేరు పెట్టడం మాత్రం అందరికీ నచ్చిన పని. సుమారు 2,200 ఎకరాలు. అందుకోసం ఊళ్ళు వదిలి కదిలిన కుటుంబాలు ఉన్నాయి. ఆ త్యాగం మరచి రన్‌వే పొడవు మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు.

భోగాపురం విశాఖకు అవతలివైపు. అనకాపల్లి నుంచి డెబ్బై కిలోమీటర్లకు పైమాటే. మా ఆవిడ వెంటనే లెక్క వేసింది. "ఏవండీ, హైదరాబాదుకు గంటంబావు, విమానాశ్రయానికి రెండు గంటలా?" అన్నది. ముందుగా చేరి వరుసలో నిలబడే రెండు గంటలు ఆమె లెక్కలో ఇంకా పడలేదు.

సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురానికి ఆరు వరుసల రోడ్డు ఉన్నమాట నిజమే. కాని అది కారున్నవాడికి వరం. హవాయి చెప్పులవాడికి కారెక్కడిది? టాక్సీకి పోసే సొమ్ముతో రైలులో హైదరాబాదు వెళ్ళిరావచ్చు. హైదరాబాదు అనుభవం మన కళ్ళముందే ఉన్నది. బేగంపేట నుంచి విమానాలు శంషాబాదుకు 2008 మార్చిలో మారాయి. నగరం నుంచి అటు వెళ్ళడానికి వేసిన పదకొండున్నర కిలోమీటర్ల పి.వి. నరసింహారావు పైవంతెన 2009 అక్టోబరులో గాని తెరవలేదు. దారికంటె ముందు గమ్యం వచ్చిందన్నమాట!

అందుచేత నేను చెప్పొచ్చేదేమిటంటే, ఓట్లకు వచ్చినవారు మీకు విమానాశ్రయం తెచ్చామంటే చాలా సంతోషమనండి. వెంటనే బస్సు సంగతి అడగండి. అనకాపల్లి, యలమంచిలి, నర్సీపట్నాల నుంచి విమానాల వేళలకు సరిపోయేటట్టు ఆర్.టి.సి. బస్సులు తిన్నగా భోగాపురం పోవాలి. తెల్లవారుజామున కూడా పోవాలి. హైదరాబాదు ఆసుపత్రికి బయలుదేరిన రోగీ, ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉన్న కుర్రవాడూ, గల్ఫ్ నుంచి రెండేళ్ళకు తిరిగి వచ్చే కొడుకూ ఆ బస్సులోనే ఎక్కాలి. విమానం ప్రభుత్వం నడపనక్కర లేదు. ఆ బస్సు మాత్రం తప్పక నడపాలి.